వేడెక్కని ఇంజిన్

"ఈ సాయంత్రంలోగా ఒక ఇంజిన్‌ను తగలెయ్యాలి," అన్నాడు భూషణం. "బాగు చేస్తున్నట్టే కనిపిస్తూ."

1991 మార్చి. యుద్ధం ఆగింది గానీ కువైట్ బావుల పొగ ఆగలేదు. సౌదీలోని జుబైల్ తీరంలో పట్టపగలే లైట్లు వేసుకోవాల్సి వస్తోంది. భూషణం పైకి లేబర్ సప్లై మేనేజర్, లోపల ఇండియన్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్. ఎదురుగా గ్రీజు చొక్కాలో ఏజెంట్ నాగేందర్. బోటు షెడ్డులో అతనిది మెకానిక్ వేషం.

"వాళ్ల టార్గెట్ ఏంది సార్?"

"మంచినీళ్ల ప్లాంట్. ఒక గ్యాంగ్ బోటులో వెళ్లి, సముద్రపు నీళ్లు లాగే గొట్టం దగ్గర మైన్, అంటే నీటిబాంబు, పెడుతుంది. రియాద్‌కు చుక్క నీరుండదు. రిపేరుకు నీ దగ్గరికే వస్తున్న ఆ బోటు పరుగందుకుంటే కోస్ట్‌గార్డుకు దొరకదు. మధ్యలో ఆగిపోవాలి."

నాగేందర్ భార్య సరళ రియాద్‌లో డయాలిసిస్ వార్డు నర్సు. నీళ్లు లేకపోతే ఆ వార్డు గతేమిటో అతనికి బాగా తెలుసు.

మధ్యాహ్నం ఆ బోటు షెడ్డుకు వచ్చింది. గ్యాంగ్ లీడర్ రాడెక్. పక్కన ఖాలిదా. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన అత్తరు, అచ్చమైన కడప తెలుగు.

"ఇంజిను శానా వేడెక్కతాండాది. బిరీన సూడు."

నాగేందర్ నీళ్ల పైపు తగిలించి స్టార్ట్ చేశాడు. బోటు వెనక తగిలించే ఇలాంటి అవుట్‌బోర్డ్ ఇంజిన్ సముద్రపు నీళ్లు పీల్చి చల్లబడుతుంది. నీళ్లు తిరుగుతున్నాయనడానికి గుర్తుగా పక్క రంధ్రంలోంచి సన్నటి ధార చిమ్ముతుంది. ఇప్పుడా ధార నీరసంగా కారుతోంది. తీగతో రంధ్రం పొడిచాడు. ఉప్పు రాలింది గానీ ధార పెరగలేదు. కింది భాగం విప్పి చూస్తే, నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు విరిగిపోయాయి. కొత్తది వేశాడు. ధార ఎగిరి దూకింది. రాడెక్ చప్పట్లు కొట్టాడు.

ఇక అసలు పని. వేడెక్కగానే నీళ్లకు దారి వదిలే థర్మోస్టాట్ తెరుచుకోకపోతే ఇంజిన్ తల మాడిపోతుంది. ధార మాత్రం దానికంటే ముందే చీలి వస్తుంది కాబట్టి ఏమీ ఎరగనట్టు చిమ్ముతూనే ఉంటుంది. ఎంత ముచ్చటైన ప్లాన్! వేడెక్కితే మోగే బజర్ వైరు పీకేసి, తెరుచుకోకుండా ముందే జామ్ చేసిన థర్మోస్టాట్ అందుకున్నాడు.

"ఉండు," అంది ఖాలిదా. "వేడినీళ్లలో ముంచి సూపీ. తెర్సుకుంటాదో లేదో."

నాగేందర్ దాన్ని అరచేతిలోనే దాచుకున్నాడు. ఇంజిన్‌లోంచి తీసిన మంచి థర్మోస్టాట్‌ను టీ కెటిల్లో ముంచాడు. అది బుద్ధిగా తెరుచుకుంది. బయటికి తీస్తూ అరచేతిలోనే రెండింటినీ తారుమారు చేసి, ఒకటి బిగించేశాడు. శభాష్ అని తనను తానే మెచ్చుకున్నాడు.

"బాగుచేసినవాడు మొదటి ట్రిప్పులో కూర్చోవడం ఇక్కడి రివాజు," అన్నాడు రాడెక్, తుపాకీ చూపిస్తూ. "ఎక్కు."

ఖాలిదా బోటు నడుపుతోంది. ఇప్పుడు ఆగుతుంది, ఇదిగో ఆగుతుంది అనుకుంటూ నాగేందర్ కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాడు. ఇంజిన్ మూత తాకి చూశాడు. చల్లగా ఉంది! పొగలో ప్లాంట్ గొట్టానికి గుర్తుగా తేలే బూయ్ ఎర్రలైటు కనిపించింది. అనుమానంగా జేబు తడుముకున్నాడు. జామ్ చేసిన థర్మోస్టాట్ అందులోనే ఉంది. ఛీ! కంగారులో మంచిదే బిగించాడు!

రాడెక్ మైన్ ముందుకు లాగాడు.

"సార్, నీళ్ల మీద చమురు చూడుండ్రి," అన్నాడు నాగేందర్. "నీళ్లు పీల్చే జాలీకి తారు పట్టిందంటే ఇంజిన్ ఖతం. పైకి లేపి తుడవాలె."

"అయితే ఆపి తుడువు."

"ఆపితే తారు గడ్డ కడ్తది సార్. నడుస్తుండంగనే తుడవాలె."

పచ్చి అబద్ధం. నీళ్లు లేకుండా తిరిగితే ఇంపెల్లర్ క్షణాల్లో కాలిపోతుంది. రాడెక్ ఖాలిదా వైపు తిరిగాడు. "నిజమేనా?"

థర్మోస్టాట్ పరీక్ష తెలిసిన మనిషికి ఇది తెలియదా? అయిపోయిందనుకున్నాడు నాగేందర్. సరళ కళ్లముందు మెదిలింది.

ఖాలిదా కళ్లద్దాలు తీసింది. "నిజమే. అట్లే చేస్తారు."

న్యూట్రల్‌లో పైకి లేచిన ఇంజిన్ గోల పెట్టింది. కాలిన రబ్బరు కంపు. కిందికి దించి గేరు వేస్తే ధార రాలేదు. బూయ్ చేతికందేంత దూరంలో ఇంజిన్ కీచుమని బిగుసుకుపోయింది.

రాడెక్ తుపాకీ ఎత్తేలోగా ఖాలిదా పిస్టల్ అతని మెడకు ఆనింది. నాగేందర్ స్క్రూడ్రైవర్ పిడిలో దాచిన, కోస్ట్‌గార్డుకు కబురందించే ట్రాన్స్‌మిటర్ నొక్కాడు.

"మీరు ఎవరి మనిషి మేడం?"

"సౌదీ ఇంటెలిజెన్స్ వాళ్ల మనిషిని."

"మరి ఆ వేడినీళ్ల పరీక్ష ఎందుకు పెట్టిన్రు?"

"రాడెక్ సూస్తాండె. అడక్కపోతే నా మింద అనుమానం రాదా? నువ్వు మంచిదే బిగిస్తాంటే సూసినా. సెప్పేకి కుదర్లా."

నాగేందర్ సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా రియాద్‌కు నీళ్లు దక్కాయి, అంతే చాలు.

పొగలోంచి కోస్ట్‌గార్డ్ బోటు వచ్చింది. ఆఫీసర్ రాడెక్‌కు బేడీలు వేసి, ఇబ్బందిగా తమ ఇంజిన్ వైపు చూపించాడు. తారు పట్టి, ధార ఆగి, అదీ పొగలు కక్కుతోంది.

ఖాలిదా కళ్లద్దాలు పెట్టుకుంది. "పోప్పా మెకానిక్. ఈసారి నిజంగానే బాగుచెయ్యాల. వస్తాదా?"