మంచు గడ మీద మూడు దెబ్బలు

పొద్దు వాలాక కొలగది వైపు చూడకూడదని మా లగూనా పార్దా ఊళ్ళో కుక్కలక్కూడా తెలుసు. పగలంతా ఆ చుట్టుపక్కలే కేరింతలు కొడుతూ జారే స్కీ జనం, వెలుగు తగ్గేసరికి ఎవరో తరుముతున్నట్టు కిందికొచ్చేస్తారు. ఏమయ్యా అంటే చలి అంటారు.

చలి కాదు.

కొలగది అంటే అగ్నిపర్వతం భుజం మీద ఒంటరిగా ఉన్న చిన్న రాతిగది. దాని పక్కన ఎరుపూ నలుపూ పట్టీలు వేసిన ఇనుప గడ. ఎంత మంచు పడిందో ఆ గడ మీద చూసి కిందికి కబురు చెప్పాలి. కింద స్కీ కేంద్రం గుమ్మం ముందు పలక మీద అది రాస్తారు, పక్కనే రేపటి వాతావరణం కూడా. ఆ రెండు ముక్కలు చూసుకునే శాంతియాగో నుంచి కార్లు బారులు తీరతాయి.

పలక మీద రాసేటప్పుడు మా మేనేజరు గస్తోన్ ఒక జానెడు కలుపుతాడు. నేను చెప్పేటప్పుడు రెండు జానలు కలుపుతాను. తప్పేముంది? మంచు చరియ విరిగిపడుతుంటే దానికంటే ముందు జారి, అది వచ్చేలోపు కింద కూర్చుని సిగరెట్టు ముట్టించిన మనిషిని నేను. బెలార్మినో అంటే అర్జెంటీనా వైపు కూడా టోపీ తీస్తారు. రెండు జానలు నాకు చెల్లుతాయి.

ఈ కొండ మీద ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడు ఒక్కడే — దెల్ఫీన్. అందుకే అతనితో కబుర్లాడటం మహా విసుగ్గా ఉండేది.

దెల్ఫీన్ గడ కొలిచే రోజుల్లో రేడియోలు లేవు. సాయంత్రం మంచు చూసుకుని, ఇనుప మొన ఉన్న చేతికర్రతో గడ మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. టంగ్… టంగ్… టంగ్. పనయింది, దిగుతున్నా అని. కింద వంటింటి వసారాలో ఓ రైలు పట్టా ముక్క వేలాడుతుంటుంది. దాని మీద మేం జవాబు కొట్టాలి. కొట్టి ఊరుకోవడం కాదు, అతను గుమ్మం తొక్కేదాకా కొడుతూనే ఉండాలి.

ఎందుకంటే పైన తెల్లగాలి లేచిందంటే కళ్ళు ఎందుకూ పనికిరావు. పడిన మంచంతా మళ్ళీ పైకి లేస్తుంది. మన చెయ్యి మనకే కనిపించదు. ఎడమ పక్కన లోయ — దాన్ని ‘గొంతు’ అంటాం, మింగడమే గానీ కక్కడం దానికి తెలియదు. పట్టా మోతను చెవితో పట్టుకుని దిగాల్సిందే. జవాబు రాకపోతే గడ వదిలి అడుగు వెయ్యకూడదు. అదీ మా కట్టు.

ఒక ఏడాది కొత్త యజమాని వచ్చాడు. భోజనాల వేళ ఆ ఇనప మోత ఏమిటని అతిథులు ముఖం చిట్లించారట. పట్టా కొట్టొద్దన్నాడు. దెల్ఫీన్ చేతిలో ఓ రేడియో పెట్టాడు. ఆ వారంలోనే తెల్లగాలి లేచింది. చలికి రేడియో మూగపోయింది.

పైనుంచి మూడు దెబ్బలు వినిపించాయి. కాసేపాగి మళ్ళీ మూడు…

కింద ఎవరూ కొట్టలేదు. నేనప్పుడు పటాలంలో ఉన్నాను. నేనే ఉంటే ఆ యజమాని నెత్తి మీద కొట్టి జవాబు వినిపించేవాణ్ణి.

మర్నాడు వెళ్ళి చూస్తే గడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు దెల్ఫీన్. ఒళ్ళంతా మంచు పెచ్చు. తల ఒక పక్కకి వంచి — చెవి కింది వైపు పెట్టి.

అప్పట్నుంచీ వాతావరణం తిరగబడే సాయంత్రాల్లో పైనుంచి ఆ మూడు దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి. వినిపిస్తే శిలువ గుర్తు వేసుకుని తల దించుకోవాలి. జవాబు మాత్రం కొట్టకూడదు.

కొడితే — దిగొస్తాడు.

ఇక మా గ్రిసెల్దా సంగతి. సగం దాని నోట విన్నాను, సగం నా కళ్ళతో చూశాను.

గ్రిసెల్దా నా చెల్లెలి కూతురు. ఇప్పుడు గడ కొలిచేది అదే. జూలై సెలవులు, మా వైపు నడి చలికాలం, పై వాలు మర్నాడు తెరవాలి. పొద్దు వాలకముందే మంచు గట్టిగా ఉందో లేదో చూసొస్తానని కుర్చీ లిఫ్టులో పైకెళ్ళింది. వచ్చేటప్పుడు జారుకుంటూ వచ్చేయొచ్చు.

గస్తోన్ వంటింట్లోకి వచ్చి ఫోన్ చూపించాడు. “సూర్యుడి బొమ్మ పడింది. రేపు ఎండే. పలక మీద రాయించేస్తున్నా.”

“నా ఎడమ మోకాలు కూడా ఎండే అంటోంది,” అన్నాను. తుఫాను వచ్చేముందు నా మోకాలు సలుపుతుందని కొండంతా తెలుసు.

“నీ మోకాలు మొన్న ఎండంటే రోడ్డు మూసేశారు మామా,” అంది వంటామె క్లొరిందా, నూనెలో సోపైపియా రొట్టెలు తిప్పుతూ. “దానిక్కూడా ఒకటి పడేస్తా, నోరు మూసుకుంటుంది.”

ఆ మాటకి నవ్వుతూనే ఉన్నాం. కిటికీ తెల్లబడింది.

చీకటి పడితే కిటికీ నల్లబడాలి. అది తెల్లబడింది… సున్నం కొట్టినట్టు. ఆ వెంటనే గాలి వచ్చి ఇంటిని భుజంతో నెట్టింది. లిఫ్టు ఆగిపోయింది. ఫోనూ నా మోకాలూ కలిసే బోల్తాపడ్డాయి.

గస్తోన్ రేడియో అందుకున్నాడు. “గ్రిసెల్దా, పలుకు. గ్రిసెల్దా…”

బరబర. అంతే.

“గదిలోనే ఉంటుంది,” అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. “రాతిగోడలు. తెల్లారాక తీసుకొద్దాం.”

“ఆ గదిలో పొయ్యి గొట్టం ఊడిపోయి ఏడాదయింది గస్తోన్ గారూ,” అంది క్లొరిందా మెల్లగా. “బాగు చేయిస్తానన్నారు. తెల్లారేసరికి పిల్ల కట్టె అయిపోతుంది.”

నేను లేచాను. ఇలాంటి గాలిలో కళ్ళకు గంతలు కట్టుకుని జారినవాణ్ణి, నాకొక లెక్కా? పదిమంది పట్టుకున్నా ఆగేవాణ్ణి కాదు. క్లొరిందా ఒక్కతే కోటు కాలరు పట్టుకుని కూర్చోబెట్టింది.

“నువ్వెళ్తే ఇద్దర్ని వెతుక్కోవాలి. కూర్చో.”

కూర్చున్నాను. నూనె చిటపటలు… గాలి…

టంగ్.

క్లొరిందా చేతిలో గరిటె ఆగిపోయింది.

టంగ్… టంగ్.

క్లొరిందా నుదుటి మీద వేలు పెట్టి శిలువ గుర్తు వేసుకుంది. గస్తోన్ గొంతు సవరించుకున్నాడు.

“తీగ. గడకి వేలాడుతుందే, ఆ తీగ గాలికి కొట్టుకుంటోంది.”

“ఆ తీగని పోయిన వేసవిలో నేనే పీకేశాను,” అన్నాను. “పీకుతుంటే ప్యూమా ఒకటి మీదికొచ్చింది, దాని మెడకి చుట్టి పంపించాను. ప్యూమా సంగతి నమ్మకపోతే మానండి. తీగ మాత్రం లేదు.”

మళ్ళీ మూడు దెబ్బలు. నిదానంగా. గాలి కొట్టే దెబ్బలు అంత నిదానంగా ఉండవు.

“గ్రిసెల్దానే,” అన్నాను. “చిన్నప్పుడు దానికి ఆ కట్టు చెప్పింది నేనే. దారి అడుగుతోంది.”

“గ్రిసెల్దా కాకపోతే?” క్లొరిందా గుసగుసగా అంది.

“కాకపోతే ఇంకో గిన్నెలో సూపు పొయ్.”

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత మూల కూర్చుని పిండి మూట పక్కకి జరిపి, దాని కిందనుంచి పట్టా సుత్తి తీసింది. ఇన్నేళ్ళూ అది కనిపించలేదంటే దాచింది ఈవిడన్నమాట. తెల్లటి పిండితోనే నా చేతిలో పెట్టింది.

వసారాలోకి వెళ్ళాను. మూడు కొట్టాను.

పైనుంచి మూడు వచ్చాయి — వెంటనే. ఇంతకాలం ఆ చప్పుడు కోసమే కాచుకుని ఉన్నట్టు.

ఆ తర్వాత పైన నిశ్శబ్దం. అంటే గడ వదిలేశారు. నడుస్తున్నారు. ఇక నేను ఆపడానికి వీల్లేదు.

కొట్టాను. ఆ మోతకి సరిహద్దు అవతల ఆవులు బెదిరాయట. కనురెప్పలు మంచుకి అతుక్కుపోయాయి. చేతులు నావో కావో తెలియలేదు. గస్తోన్ తలుపు తీసి, “బెలార్మినో గారూ, భోజనాల గదిలో అతిథులు అడుగుతున్నారు—” అన్నాడు.

“వాళ్ళకి చెప్పండి,” వెనకనుంచి క్లొరిందా, “ఇవాళ్టి అసలు వాతావరణ నివేదిక ఇదేనని.”

గస్తోన్ ఏమనుకున్నాడో, లోపలికి పోకుండా తలుపు వెనక్కి మూసేశాడు. నా పక్కకొచ్చి నిలబడి, నా చేతులు వాలిపోతే తను అందుకున్నాడు. మళ్ళీ నేను, మళ్ళీ తను.

ఎంతసేపో… ఒకసారి గాలి మా ఇద్దరి మధ్యనుంచి దూరి వెళ్ళింది. ఎముకల్ని గడ్డకట్టించే గాలి. వెనక తలుపు దానంతటదే బార్లా తెరుచుకుంది.

ఆ తర్వాతే తెల్లదనంలోంచి గ్రిసెల్దా వచ్చి మెట్టు మీద పడింది.

ఎత్తుకుని లోపలికి తెచ్చాం. పొయ్యి పక్కన కూర్చోబెట్టాం. క్లొరిందా దాని వేళ్ళు తన చంకల్లో పెట్టుకుని ఏడుస్తూ తిడుతోంది. పెదాల్లోకి కాస్త రంగొచ్చాక గ్రిసెల్దా కళ్ళెత్తి గదంతా చూసింది.

“మామయ్యా, ఆయనేడి?”

“ఎవరే?”

“ముందొచ్చినాయన. నాకు దారి చూపించాడుగా.”

నేను నవ్వబోయాను. పెదవి కదల్లేదు. “గడ మీద కొట్టింది నువ్వే కదే?”

“నేనా? నేను గదిలో ఉన్నాను మామయ్యా. మంచుకి తలుపు పూడిపోయింది. కాళ్ళు మొద్దుబారిపోయాయి. నిద్రొస్తోంది… అప్పుడు బయట ఎవరో గడ కొట్టారు. నువ్వొచ్చావనుకున్నా. కిటికీ పగలగొట్టుకుని దూకితే ఎవరూ లేరు. ఇంతలో కింద మీ పట్టా మోగింది.”

“ఆ తర్వాత?”

“గాలికి మోత ఎడమ నుంచి వస్తున్నట్టనిపించింది. అటే నడవబోయాను. ముందు ఒక వీపు కనిపించింది. వీపంతా మంచు పెచ్చు. చేతికర్ర. కుడివైపు నడుస్తున్నాడు. మామయ్యా అని పిలిచా, తిరగలేదు. తల ఒక పక్కకి వంచి… వింటూ నడుస్తున్నాడు. ఆయన అడుగు వేసిన చోటల్లా నేనూ వేశాను. వసారా దాకా వచ్చి లోపలికెళ్ళాడు.” దాని చూపు నా మీద ఆగింది. “మీ ఇద్దరి మధ్యనుంచే వెళ్ళాడుగా.”

నేను గస్తోన్ వైపు చూశాను. గస్తోన్ తలుపు వైపు చూస్తున్నాడు.

గ్రిసెల్దా బూట్లనుంచి మంచు కరిగి నేల మీద మడుగు కట్టింది. పొయ్యికి అవతల పక్కన ఓ పీట ఉంది. ఖాళీ పీట. దాని కింద ఇంకో మడుగు… అప్పుడే పెరుగుతోంది.

క్లొరిందా గిన్నె తీసి, కుండలోంచి పొగలు కక్కే సూపు పోసి, ఆ పీట పక్కన పొయ్యి గట్టు మీద పెట్టింది. పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేసింది.

ఆ రోజు తర్వాత గడ మీద దెబ్బలు ఎవరికీ వినపడలేదు. గస్తోన్ మాత్రం రోజూ సాయంత్రం స్వయంగా పట్టా కొట్టి వెళ్తాడు, అతిథులు ఉన్నా సరే.

గిన్నె సంగతి చెప్పలేదు కదూ. గ్రిసెల్దా నిద్రపోయాక నేనే వెళ్ళి చూశాను. పొయ్యి భగభగ మండుతోంది. పక్కన పెట్టిన వెన్న కరిగి పళ్ళెంలో కారుతోంది. సూపు ఎవరూ తాగలేదు, నిండుగా ఉంది. దాని మీద మంచు పేరుకుంది.

ఎంత మందం అంటారా? నేను రెండు జానలు కలిపేవాణ్ణే. కానీ ఇది వేలు పెట్టి కొలిచాను.

గోరంత.