రబ్బర్ బ్యాండ్ తొక్కిన సైకిలు

"మలుపొచ్చిందే. బెల్లు కొట్టవేం?" అంది పెన్సిల్.

బటన్ నొక్కింది ట్రింగ్. తెర మీద సైకిలు ట్రింగ్ ట్రింగ్ అని మోగింది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది," అంది పెన్సిల్.

బడి నుంచి వచ్చి, పాలు తాగి, హోంవర్కు అయిందనిపించాక వాళ్ళిద్దరూ రోజూ కలిసేది ఈ దారిలోనే. ఇది వీడియో గేములో దారి. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, గేములోనే మాట్లాడుకుంటూ తొక్కుతారు. ఆ గేములో ఎటు చూసినా బూచులే. పొదల్లో బూచులు, నీళ్ళలో బూచులు, కరెంటు స్తంభాల మీద కూడా బూచులే. ఆడేవాళ్ళు వాటిని మచ్చిక చేసుకుని పోగేసుకుంటారు. మధ్యలో ఒక పెద్ద సరస్సు, దాని చుట్టూ సైకిళ్ళ దారి. సైకిలు ఉంటేనే ఆ దారి గేటు తెరుచుకుంటుంది. నడిచి వెళ్తానంటే కుదరదు.

ట్రింగ్ సైకిలు బుట్టలో నీలం చుక్కల గుడ్డు ఒకటి ఉంది. అది జోడీ గుడ్డు. ఇద్దరు పక్కపక్కన తొక్కుతూ ఉంటేనే లోపలి పిల్ల ఎదుగుతుంది. గుడ్డు పగిలినప్పుడు ఇద్దరూ బెల్లు కొట్టాలి. అప్పుడే ఆ బూచిపిల్ల వాళ్ళని తనవాళ్ళనుకుంటుంది. ఒక్కరే కొడితే పొదల్లోకి పారిపోతుంది, మళ్ళీ దొరకదు.

ట్రింగ్‌కి ఆ పేరు ఊరికే రాలేదు. పాత వీధిలో ఉన్నప్పుడు మలుపు కనిపిస్తే చాలు, ఎదురుగా ఎవరైనా ఉన్నా లేకపోయినా బెల్లు మోగించేది. పెన్సిల్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టి పెన్సిల్. అప్పుడు ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే క్లాసు, ఒకే బెంచీ.

పెన్సిల్‌కి రెండు పట్టుదలలు. ఒకటి, తను కబుర్లు చెప్తుంటే ఎదుటివాళ్ళు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే ఆగి, అడిగి మరీ కొట్టించుకుంటుంది. రెండు, నీటిగుంటలోంచి సైకిలు పోనివ్వదు. గేములో దారి మీద ఒక గుంట ఉంది. పెన్సిల్ దాన్ని ప్రతిసారీ తప్పించుకుని పక్కనుంచి వెళ్తుంది. బొమ్మ సైకిలుకి బురద అంటదే అని ట్రింగ్ ఎంత చెప్పినా వినదు.

"అలవాటు చెడిపోతుందే," అంటుంది.

ఇప్పుడు పాత వీధి చాలా దూరం. ట్రింగ్ వాళ్ళ నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు. ఈ కొత్త ఊళ్ళో ఎత్తు మేడలు ఎక్కువ, లిఫ్టులు ఆగిపోవడం ఇంకా ఎక్కువ. అందుకని ఇక్కడికి వచ్చేశారు. ఇక్కడ ట్రింగ్‌ని ట్రింగ్ అని పిలిచేవాళ్ళు లేరు. క్లాసులో చివరి బెంచీ ఇచ్చారు. పక్కన స్కూలు బ్యాగు కూర్చుంటుంది. అసలు సైకిలు మెట్ల కింద గాలి దిగిపోయి నిలబడి ఉంది. రోజు మొత్తంలో క్లాసు పిల్లలు తనతో అనే మాట ఏదైనా ఉందంటే అది "కాస్త జరుగు" అనే.

ఆ సాయంత్రం పెన్సిల్ కొత్త కబురు మొదలుపెట్టింది.

"మన క్లాసులోకి కొత్త పిల్ల వచ్చిందే."

"ఊఁ."

"రెండు జడలు. ఆకుపచ్చ క్లిప్పులు."

"ఊఁ."

"నీ చోట్లో కూర్చుంటానంది."

ట్రింగ్ ఊఁ కొట్టలేదు. అది కిటికీ పక్క చోటు. బెంచీ అంచున ట్రింగ్ కంపాసుతో చెక్కిన సైకిలు బొమ్మ కూడా ఉంది.

ఇక వినబుద్ధి కాలేదు. సౌండు పూర్తిగా తగ్గించేసింది. అయితే సైకిలు ఆపితే గుడ్డు ఎదగదు. గుడ్డు కావాలి, కబుర్లు వద్దు. టిఫిన్ డబ్బాకి వేసే రబ్బర్ బ్యాండు తీసి, జాయ్‌స్టిక్ ముందుకే ఉండేలా గట్టిగా చుట్టింది. దారికి రెండు పక్కలా కమ్మీలు ఉన్నాయి కదా, సైకిలు వాటిని రాసుకుంటూ దానంతటదే వంపులు తిరిగిపోతోంది. తన తెలివికి తనే ముచ్చటపడి ట్రింగ్ బాల్కనీలోకి వెళ్ళింది.

కింద పిల్లలు నిజం సైకిళ్ళు తొక్కుతున్నారు. చాలాసేపు చూసింది. వాళ్ళెవరూ తలెత్తి పైకి చూడలేదు.

లోపలికి వచ్చేసరికి బుట్టలో గుడ్డు లేదు. నీలం చుక్కల పెంకులు మాత్రం ఉన్నాయి. పక్కన పెన్సిల్ సైకిలు ఆగి ఉంది. ట్రింగ్ గబగబా సౌండు పెంచింది.

"బెల్లు కొట్టు, బెల్లు కొట్టు అని ఎంత అరిచానో," అంది పెన్సిల్ మెల్లగా. "అది నీ వైపే చూసింది. తర్వాత పొదల్లోకి వెళ్ళిపోయింది."

"బాత్రూంకి వెళ్ళానే."

"అబద్ధం. ఎన్ని మలుపులు బెల్లు లేకుండా తిరిగావు? నేనడిగిన దానికి ఒక్క జవాబు లేదు. ఏం పెట్టి వెళ్ళావు?"

ట్రింగ్ తల దించుకుంది. "రబ్బర్ బ్యాండు."

"అంటే ఇంతసేపూ నేను రబ్బర్ బ్యాండుకి చెప్పానా?"

తెర మీద పెన్సిల్ పేరు పక్కన పచ్చ చుక్క ఆరిపోయింది.

మర్నాడు పెన్సిల్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ట్రింగ్ ఒక్కతే సరస్సు చుట్టూ తిరిగింది. మలుపుల్లో బెల్లు కొట్టింది. కొట్టలేదేం అని అడిగేవాళ్ళు లేకపోతే ఆ మోత కూడా బాగాలేదు.

ఆ రాత్రి అన్నం దగ్గర నాన్న ఎడమ చేత్తో ఫోను చూసుకుంటున్నాడు. ఎక్కడెక్కడ లిఫ్టులు ఆగాయో అందులో వస్తూనే ఉంటుంది.

"నాన్నా, మా క్లాసులోకి ఏనుగు వచ్చింది."

"ఊఁ."

"లెక్కల్లో దానికే ఫస్టు మార్కు."

"మంచిది. నువ్వూ అలాగే చదవాలి."

అమ్మ ఫక్కున నవ్వింది. ట్రింగ్‌కి నవ్వు రాలేదు. నాన్న కొట్టిన ఊఁ ఎలాంటిదో బాగా తెలిసిపోయింది. అది రబ్బర్ బ్యాండు ఊఁ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాన్న అది చూసి ఫోను బోర్లా పెట్టేశాడు. "తప్పయిందమ్మా. మళ్ళీ చెప్పు. ఏనుగు సంగతి కాదు, అసలు సంగతి."

ట్రింగ్ మొత్తం చెప్పింది. బాత్రూం అబద్ధం కూడా దాచలేదు. ఈసారి నాన్న ప్రతిదానికీ సరిగ్గా ఊఁ కొట్టాడు.

"ఇప్పుడది మాట్లాడటం లేదు నాన్నా. ఏం చేయను?"

"లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే నేను ముందు ఏం చేస్తానో తెలుసా?"

"స్క్రూలు విప్పుతావు."

"కాదు. తలుపు దగ్గర నిలబడి మాట్లాడతాను. 'నేనిక్కడే ఉన్నానండీ' అంటాను. కొందరు పలకరు. భయమో, కోపమో. అయినా మాట్లాడుతూనే పని చేస్తాను."

"పలకకపోతే వింటున్నారని ఎలా తెలుస్తుంది?"

"తలుపు తెరిచేదాకా తెలీదు," అన్నాడు నాన్న.

మర్నాడు సాయంత్రం సైకిళ్ళ దారిలో పెన్సిల్ సైకిలు కనిపించింది. ట్రింగ్ గబగబా పక్కకి చేరింది.

"పెన్సిలూ."

జవాబు లేదు. సైకిలు తిన్నగా పోతోంది. నీటిగుంట వచ్చింది. సైకిలు పక్కకి తిరగలేదు. నీళ్ళు చిమ్ముకుంటూ గుంటలోంచే వెళ్ళిపోయింది.

పెన్సిల్ గుంటలోంచి వెళ్ళడమా? ట్రింగ్‌కి అర్థమైంది. అవతల కూడా రబ్బర్ బ్యాండే.

పక్కన సైకిలు ఉంది, దాని మీద మనిషి లేదు. ఒంటరిగా తొక్కడం కన్నా అది ఘోరంగా ఉంది. ఆ రోజు పెన్సిల్‌కి కూడా ఇలాగే ఉండి ఉంటుంది. ట్రింగ్‌కి గేము కట్టేసి ముసుగు తన్ని పడుకోవాలనిపించింది. కానీ కట్టలేదు.

"నేనిక్కడే ఉన్నానే," అంది. "రబ్బర్ బ్యాండు డబ్బాకి వేసేశా. చేత్తోనే తొక్కుతున్నా."

మలుపులో బెల్లు కొట్టింది.

"బాత్రూంకి వెళ్ళానన్నది అబద్ధం. బాల్కనీలో నిలబడ్డా. ఇక్కడ నాకెవరూ లేరే. బెంచీలో నా పక్కన నా బ్యాగే కూర్చుంటుంది. పాత చోట్లో కూడా ఇంకొకళ్ళు కూర్చుంటారంటే, నేనసలు ఎక్కడా లేనట్టు అనిపించింది. అందుకే సౌండు తగ్గించేశా. నువ్వు చెప్తుంటే తగ్గించడం తప్పు."

ఇంకో మలుపు. మళ్ళీ బెల్లు. సరస్సు చుట్టూ తిరిగి ఇద్దరూ గుంట దగ్గరికి వచ్చారు.

పెన్సిల్ సైకిలు నెమ్మదించింది. గుంటకి కాస్త ముందు పక్కకి ఒరిగి, అంచు మీదుగా జాగ్రత్తగా దాటింది.

ట్రింగ్ తన సైకిలు దాని పక్కకి చేర్చింది. "ఎప్పుడొచ్చావే?"

"నీ పక్కన బ్యాగు కూర్చుంటుంది అన్నావు చూడు, అప్పుడు," అంది పెన్సిల్. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఆ రోజు కబురు మళ్ళీ చెప్పవా? మొత్తం."

"మొత్తమా?"

"ఊఁ."

"కొత్త పిల్ల వచ్చింది. రెండు జడలు, ఆకుపచ్చ క్లిప్పులు."

"ఊఁ."

"నీ చోట్లో కూర్చుంటానంది. అది మా ట్రింగ్‌ది, దాన్నడిగి చెప్తానన్నా. ఆ సాయంత్రమంతా అదే అడుగుతున్నా నిన్ను, ఇవ్వనా వద్దా అని."

ట్రింగ్ ఎలాగో "ఊఁ" అంది.

"నువ్వు చెప్పలేదు, నేనివ్వలేదు. పాపం వెనకాల ఒక్కతే కూర్చుంటోందే. ఎవరూ పలకరించరు. పక్కన బ్యాగు పెట్టుకుంటుంది, నీలాగే."

గది మూల ట్రింగ్ స్కూలు బ్యాగు గోడకి ఒరిగి ఉంది. ట్రింగ్ దానివైపు చూసింది. ఆ చోటు మీద ఆశ ఇంకా పోలేదు. కిటికీలోంచి వచ్చే ఎండ కూడా గుర్తొచ్చింది.

"కూర్చోమను," అంది. "కిటికీ వైపే ఇవ్వు. బెంచీ అంచున సైకిలు బొమ్మ ఉంటుంది, చూపించు."



"ఊఁ," అంది పెన్సిల్.

ముందు మలుపు వచ్చింది. ట్రింగ్ బెల్లు కొట్టింది. పక్కనుంచి పెన్సిల్ బెల్లు కూడా మోగింది.