లాకప్ కడిగిన సాయంత్రం

ఆ పోలీసు స్టేషన్లో పధ్నాలుగేళ్ళుగా ఊడ్చి తుడిచే ఆవిడని చిన్నాపెద్దా అందరూ అక్కా అనే పిలిచేవారు. ఏ మూల ఎంత దుమ్ము చేరుతుందో, ఎవరి బల్ల కింద ఎన్ని సిగరెట్ పీకలుంటాయో ఆవిడకి కొట్టినపిండి.

ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టరు ఆవిడని పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"అక్కా, రేపు పెద్ద ఆఫీసరు విచారణకి వస్తున్నాడు. లాకప్ ఇంకోసారి కడిగెయ్. నిన్నేమైనా అడిగితే, నాకేం తెలీదని చెప్పు. అంతే." కాస్త ఆగి, "మీ అమ్మాయి ఉద్యోగం కాగితం నా దగ్గరే ఉంది, సంతకం పెట్టాలి," అన్నాడు, మెత్తగా.

ఆవిడ తలూపింది.

నిజానికి ఆవిడ ఏమీ చూడలేదు. వింది. నాలుగు రోజుల క్రితం, ఇదే వేళ. పేరు కలిసిందని ఎవరికో బదులు పట్టుకొచ్చిన ఆటో డ్రైవరు. రెండు గంటలపాటు దెబ్బల చప్పుడు. తర్వాత ఊచల వెనక నుంచి, "అక్కా... కాసిని నీళ్ళు..." ఆవిడ చేతిలో నీళ్ళ చెంబు ఉంది. కాపలా కానిస్టేబులు కళ్ళెర్రజేశాడు. ఆవిడ చెంబు కొంగుచాటున పెట్టుకుని గబగబా నడిచిపోయింది. తెల్లారేసరికి అతను ప్రాణాలతో లేడు. ఆ తర్వాత లాకప్‌లో ఎవరినీ పెట్టలేదు.

ఆవిడ బకెట్టు, చీపురు పట్టుకుని లోపలికెళ్ళింది. ఫినాయిలు వాసన. దాని అడుగున తడిసిన ఇనుములాంటి ఇంకో వాసన. చిమ్మచీకటేం కాదు, పైనున్న చిన్న కిటికీలోంచి సాయంకాలపు వెలుగు పడుతూనే ఉంది.

బకెట్టు నీళ్ళు గుమ్మరించింది. నీళ్ళు వాలుకి జారి, మూలనున్న తూములో పడాలి. పడలేదు. గది మధ్యకి వెళ్ళి ఆగిపోయాయి. చూస్తుండగానే ఇంకిపోయాయి.

సిమెంటు నేల.

రెండో బకెట్టు... అదీ అంతే. మూడోది... ఆవిడ వంగి నేల తాకింది. పొడిగా ఉంది. జ్వరమొచ్చిన ఒంటిలా వెచ్చగా ఉంది.

అప్పుడు వినిపించింది. చాలా దగ్గర నుంచి.

గుటక.

మళ్ళీ... గుటక.

చీపురు జారిపడింది. 

"ఇంకా..." అంది ఒక గొంతు, నేల దగ్గర్నుంచి.

"తమ్ముడూ..." అంది ఆవిడ. "నన్నేం చెయ్యకు. రేపు చెప్తాను. విన్నదంతా చెప్పేస్తాను."

చప్పుడు ఆగింది. చాలాసేపటికి, తూములో నీళ్ళు బుడబుడమన్నాయి.

మర్నాడు విచారణ ఇన్‌స్పెక్టరు గదిలోనే జరిగింది. బయట బల్ల మీద కూర్చున్న ఆటో డ్రైవరు పెళ్ళాం ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మిగతావాళ్ళంతా ఒకటే అక్కా. నువ్వొక్కదానివే మాలాంటి మనిషివి. నువ్వు చెప్తావని నా నమ్మకం."

"చెప్తానమ్మా," అంది ఆవిడ. నిజంగానే చెప్పాలనుకుంది.

లోపల పెద్ద ఆఫీసరు, పక్కనే ఇన్‌స్పెక్టరు.

"ఆ రోజు ఏమైనా విన్నావా?"

ఆవిడ నోరు తెరిచింది. నాలుక పిడచకట్టుకుపోయింది.  ఇన్‌స్పెక్టరు తన ముందున్న గ్లాసు ఆవిడ వైపు జరిపాడు. "కంగారు పడకు అక్కా. నీళ్ళు తాగు."

ఆవిడ తాగింది.

"నేనేం వినలేదండీ."

ఆఫీసరు ఒక కాగితం ముందుకి తోశాడు. ఆ జవాబు అందులో ముందే టైపు చేసి ఉంది. ఆవిడ సంతకం పెట్టింది.

బయటికొచ్చాక ఆటో డ్రైవరు పెళ్ళాం ఆవిడ మొహం చూసి, బల్ల మీద ఇంకాస్త దూరంగా జరిగి కూర్చుంది. అంతే.

ఆ సాయంత్రం ఆవిడ వరండా తుడుస్తుండగా కాపలా మారింది. దిగిపోయే కానిస్టేబులు రోజూలాగే కొత్తగా ఎక్కేవాడికి లెక్క ఒప్పజెప్పాడు. తుపాకులు నాలుగు. తాళాలు ఆరు.

"లాకప్‌లో?" అంటూ దిగిపోయేవాడు పుస్తకం అందించాడు.

ఆవిడ తలెత్తి చూసింది. గది ఖాళీగా ఉంది. తలుపుకి తాళం వేసే ఉంది.

కొత్తగా వచ్చినవాడు ఊచల్లోంచి తొంగిచూసి, పుస్తకంలో రాసుకుంటూ మామూలుగా పైకే అన్నాడు.

"ఇద్దరు. ఒక మగ, ఒక ఆడ."