రెండు నొక్కిన సాయంత్రాలు

ఫోన్ మోగేసరికి వీరవేణి అన్నం కంచం పక్కన పెట్టి, ఎడమ చేత్తో దాన్ని అందుకుంది.

"నమస్కారం. మున్సిపాలిటీ నుంచి మాట్లాడుతున్నాం. మీ కుళాయి లీకేజీ ఫిర్యాదు పరిష్కారమైతే ఒకటి నొక్కండి. కాకపోతే రెండు నొక్కండి."

అది మనిషి గొంతే గాని, అవతల మనిషి లేదు. ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన గొంతు. "అన్నం తిన్నావా?" అని అడగదు. మనం ఏమన్నా వినిపించుకోదు. అయినా వేణి "ఆయ్, చెప్పండీ" అంది. స్కూల్లో ఎవరూ పలకరించక, ఇంటికొస్తే ఎవరూ లేకపోతే, పదేళ్ల పిల్ల అలాగే చేస్తుంది మరి.

కుళాయి నిక్షేపంలా ఉంది. నిన్న సాయంత్రమే బాగుచేశారు. ఒకటి నొక్కాలి. కానీ ఒకటి నొక్కితే ఫిర్యాదు మూసేస్తారు. బాగుచేసిన పేతురు బాబాయిగారు ఇంక రారు.

వేణి రెండు నొక్కింది.

వేణి వాళ్లు అమలాపురం వచ్చి రెండు నెలలైంది. అంతకు ముందు సముద్రం ఒడ్డున చిన్న ఊళ్లో ఉండేవారు. నాన్న ఇప్పటికీ అక్కడే ఉండి పడవ మీద వేటకి వెళ్తున్నాడు. అమ్మ నాగదుర్గకి ఇక్కడ బట్టల షాపులో పని దొరికింది. వేణిని ఇక్కడి బళ్లోనే ఐదో తరగతిలో చేర్చింది. అమ్మ వచ్చేసరికి ఎనిమిదవుతుంది. అందాకా ఇంట్లో ఉండేది వేణి, అమ్మ పాత ఫోను, రెండు నీళ్ల డ్రమ్ములు.

ఊళ్లో ఎవరినీ రమ్మని పిలవక్కర్లేదు. నాన్న పడవ ఒడ్డుకి తగిలితే చాలు, వీధి వీధంతా ఇసకలోకి వచ్చేసేది. వల లాగడానికి నలుగురు, చేపలు ఏరడానికి నలుగురు, ఏ పనీ లేకుండా సలహాలివ్వడానికి పది మంది. ఇక్కడి వీధిలో తలుపులన్నీ వేసే ఉంటాయి. ఎవరి పని వాళ్లది. వేణికి ఒక్కోసారి ఎంత దిగులేసేదంటే, అద్దంలో చూసుకుని తనతో తనే కబుర్లు చెప్పుకునేది.

కిందటి వారం గుమ్మం బయట కుళాయి గొట్టం కారడం మొదలుపెట్టింది. సాయంత్రం ఐదింటికి నీళ్లు వదిలితే సగం రోడ్డు పాలయ్యేవి. అమ్మ వార్డు సచివాలయానికి వెళ్లి ఫిర్యాదు రాయించింది. ఇంట్లో ఉండే ఫోన్ నంబరే ఇచ్చింది. సోమవారం సాయంత్రం సైకిల్‌కి గోనెసంచీ తగిలించుకుని మున్సిపాలిటీ ఫిట్టర్ పేతురు వచ్చాడు. నెరిసిన మీసాలు, మోచేతుల దాకా మట్టి.

"అమ్మడూ, ఈ పానా కాస్త పట్టుకుంటావేంటి?" అన్నాడు.

"ఆయ్!" అంటూ వేణి ఒక్క గెంతు గెంతింది.

"మీది ఏ ఊరమ్మా?"

వేణి చెప్పింది.

"అలాగా! అయితే నువ్వు నాకో సాయం చెయ్యాలి. ఆదివారం ఆదివారం చేపలు తెచ్చి మా ఆవిడ చేత చీవాట్లు తింటున్నాను. తాజా చేపని ఎలా పోల్చాలి?"

"మొప్పలెత్తి చూడాలండీ. ఎర్రగా ఉంటే తాజా అండీ. కళ్లు కూడా లోపలికి పోకూడదండీ."

అంతే, తూము తెరిచినట్టయింది. రెండు నెలల మాటలన్నీ ఒక్క గంటలో చెప్పేసింది. పేతురు పని చేస్తూనే అన్నిటికీ ఊకొట్టాడు. వెళ్తూ వెళ్తూ, "నువ్వుండబట్టి పని తేలికైందమ్మడూ" అన్నాడు. ఆ ఒక్క మాటనీ వేణి అమ్మ వచ్చేదాకా మనసులో అనుకుంటూనే ఉంది.

మర్నాడు ఫోనొచ్చింది. వేణి రెండు నొక్కింది.

బుధవారం సాయంత్రం పేతురు మళ్లీ వచ్చాడు. జాయింటు విప్పాడు, వాషరు మార్చాడు, మళ్లీ బిగించాడు. "చుక్క కూడా కారట్లేదే!" అని తల గోక్కున్నాడు.

"నిన్న నీళ్లొచ్చినప్పుడు కారిందండీ బాబాయిగారూ," అంది వేణి.

అబద్ధం ఒంటరిగా రాదు, ఎప్పుడూ ఓ చుట్టాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. ఆ చుట్టాన్ని కూడా లోపలికి రానిచ్చింది వేణి. ఆ రోజు పేతురుకి వల ఎలా అల్లుతారో చెప్పింది. అతను వెళ్లిన గంటకి ఫోనొచ్చింది. వేణి మళ్లీ రెండు నొక్కింది. ఈసారి అంతగా ఆలోచించలేదు.

గురువారం బళ్లో కేశవరావు మాస్టారు హాజరు వేస్తున్నారు.

"లక్ష్మీతులసి ఇవాళ కూడా రాలేదా? మూడ్రోజులైంది," అని రిజిస్టరు మూశారు. "వాళ్ల మామ్మగారు ఫోన్ చేసేర్రా. పిల్లకి విరేచనాలు, జ్వరమట. కుళాయిలో మురుగు నీళ్లొస్తున్నాయట. మీరందరూ నీళ్లు కాచుకుని తాగండి."

వేణి పక్కన కూర్చునేది తులసే. వాళ్లిద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు. కానీ వేణి కొత్తగా వచ్చిన రోజున సంచీ జరిపి చోటిచ్చింది ఆ పిల్ల ఒక్కతే. ఇప్పుడు బెంచీ మీద బోలెడంత చోటుంది. వేణి మాత్రం ఎప్పట్లాగే తన చివరే కూర్చుంది.

సాయంత్రం పేతురు వచ్చాడు. ఈసారి చేపల మాటెత్తలేదు. పారతో గొట్టం పొడుగునా మట్టి తవ్వాడు. మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో గొట్టమంతా తడిమి చూశాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

వేణి పానా పట్టుకుని నిలబడింది. అతను అడగలేదు.

"బాబాయిగారండీ, మంచినీళ్లు తేనా?"

"వద్దమ్మా," అన్నాడు. కాసేపయ్యాక తన చేతుల వంక చూసుకున్నాడు. "ఇరవై రెండేళ్లయింది ఈ పని పట్టి. ఒక్క జాయింటు ఇన్నిసార్లు తిరగబెట్టలేదు. కళ్లు తగ్గేయో, చేతుల్లో పట్టే తగ్గిందో. రేపు ఆఫీసులో సంజాయిషీ రాసివ్వాలి. ఈయన వల్ల కావట్లేదు, వేరే మనిషిని వేద్దామంటున్నారంట."

వేణి ఓ అడుగు ముందుకేసింది.

"ఇంకో మనిషినా?"

"మరేం చేస్తారమ్మా? వెనక వీధిలో గొట్టం పగిలి మురుగు కలుస్తుంది. మంగళవారం నుంచి మొత్తుకుంటున్నారు. పని అవలేదన్న ఫిర్యాదు ముందు చూడాలని రూలు. మీది మూసేదాకా నన్ను అటు పంపరు. ఈ వార్డుకి ఫిట్టర్ని నేనొక్కణ్ణే. అక్కడెవరో చిన్నపిల్లకి ఒంట్లో బాలేదంట పాపం."

"లక్ష్మీతులసి అండీ," అంది వేణి.

"నీకు తెలుసా?"

"నా పక్కనే కూర్చుంటుందండీ."

చెప్పేయాలనుకుంది. నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాట బయటికొస్తే పేతురు బాబాయిగారి మొహం ఎలా మారుతుందో అని భయపడింది. ఈ ఊళ్లో తనని చూసి నవ్విన మొహం అదొక్కటే. అతను మట్టి పూడ్చి, సంచీ సర్దుకుని, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

ఆరింటికి ఫోన్ మోగింది. ఆ గొంతు మాట పూర్తి చెయ్యకముందే వేణి ఒకటి నొక్కేసింది. "ధన్యవాదాలు" అంది గొంతు.

అయిపోయిందనుకుంది. ఇంక ఆయన వెనక వీధికి వెళ్తారు. ఎవరికీ ఏమీ తెలియదు. కానీ చేతుల వంక అలా చూసుకున్నారే, అది? రేపు ఆఫీసులో ఏమని రాస్తారు? తన చేతుల్లో పట్టు తగ్గిందని రాస్తారా? వేణి గుమ్మంలో కూర్చుని అమ్మ కోసం చూసింది.

అమ్మ రాగానే కొంగు పట్టుకుని అంతా చెప్పేసింది. ఏడుస్తూ చెప్పింది.

నాగదుర్గ కోప్పడదామనే నోరు తెరిచింది. కూతురి మొహం చూసి ఆగిపోయింది.

"ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నానని నాతో చెప్పొచ్చు కదే?"

"నువ్వు అలిసిపోయొస్తావు కదమ్మా."

అమ్మ దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టుకుంది. వేణి జుట్టు విప్పి, మళ్లీ జడ వేసింది. "పొద్దున్నే సచివాలయానికి వెళ్దాం. నేను పక్కనుంటాను. చెప్పడం మాత్రం నువ్వే చెప్పాలి," అంది.

శుక్రవారం పొద్దున్న సచివాలయం తలుపులు తీసేసరికే ఇద్దరూ అక్కడున్నారు. వార్డులో నీళ్ల పనులు చూసే భవానీదేవి కంప్యూటర్ ముందు కూర్చుంది. బల్లకి ఈ చివర పేతురు తెల్లకాగితం ముందు పెట్టుకున్నాడు. పైన తారీఖు తప్ప ఇంకేమీ రాయలేదు.

"ఏమ్మా, మళ్లీ కారుతుందా?" అన్నాడు పేతురు. లేచి నిలబడిపోయాడు కూడా.

"లేదండీ. మీరు బాగుచేసేక ఎప్పుడూ కారలేదండీ," అంది వేణి. "మొదటి రోజే బాగైపోయిందండీ. నేనే రెండు నొక్కేనండీ. రెండుసార్లూ నేనేనండీ."

భవానీదేవి కళ్లద్దాలు తీసింది. "ఎందుకు నొక్కేవు తల్లీ? ఆటకా?"

వేణి తల అడ్డంగా ఊపింది. "నొక్కితే బాబాయిగారు వస్తారని అండీ. మాట్లాడతారని అండీ."

వేణి నేలవంకే చూస్తోంది. తిడితే బాగుండును అనిపించింది. ఎవరూ తిట్టలేదు.

పేతురు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "అయితే వీటికేం రోగం లేదన్నమాట," అన్నాడు. నవ్వాడో లేదో వేణికి తెలియలేదు. గబగబా సంచీ భుజాన వేసుకున్నాడు. "అమ్మగారూ, నేను వెనక వీధికి వెళ్తున్నానండీ. ఇప్పటికే ఆలస్యమైపోయింది."

వేణి వైపు చూడలేదు. మళ్లీ వస్తానని అనలేదు. సైకిల్ స్టాండు తీసిన చప్పుడొక్కటే వినిపించింది.

"క్షమించండమ్మా," అంది నాగదుర్గ.

"తప్పు పిల్ల ఒక్కదాందే కాదండీ," అంది భవానీదేవి. "మీ వీధికీ నా కుర్చీకీ నడిస్తే ఐదు నిమిషాలు. ఫోన్లో అంకె చూసేను గాని, ఒక్కసారి వచ్చి కుళాయి చూళ్లేదు. ఇకమీదట పని అవలేదని ఎవరన్నా నొక్కితే, ముందు నేను వెళ్లి చూస్తాను. ఆ తర్వాతే ఫిట్టర్ని పంపిస్తాను. మురుగు కలిసిందంటే అన్నిటికన్నా ముందు అదే." ఆ మాట అప్పటికప్పుడే కాగితం మీద రాసి గోడకి అంటించింది.

ఆ సాయంత్రం నాలుగున్నరకి వేణి ఇంటికొచ్చి, అన్నం తిని, కంచం కడిగింది. ఫోన్ మోగలేదు. మోగదని తెలుసు. అయినా రెండుసార్లు తీసి చూసింది. గుమ్మంలో కూర్చుంటే వీధిలో ఒక్క సైకిల్ కూడా రాలేదు. ఎప్పటికన్నా ఈ రోజే ఇల్లు పెద్దదిగా అనిపించింది.

ఐదింటికి కుళాయి వచ్చింది. నీళ్లు ధారగా, తేటగా పడుతున్నాయి. ఒక డ్రమ్ము నిండింది. రెండోది నిండింది. వేణి కుళాయి కట్టెయ్యబోయి ఆగింది. లోపలికి వెళ్లి చిన్న స్టీలు బిందె తెచ్చి, శుభ్రంగా తోమి, నిండా పట్టింది. అప్పుడు షాపుకి ఫోన్ చేసింది.

"అమ్మా, వెనక వీధిలో తులసి వాళ్లింటికి వెళ్లిరానా? నీళ్లివ్వడానికి."

"జాగ్రత్తగా వెళ్లు. మూత పెట్టుకుని వెళ్లు," అంది అమ్మ.

వెనక వీధి మలుపులోనే గొయ్యి కనిపించింది. చుట్టూ నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. గోతిలో పేతురు నడుం లోతు బురదలో వంగి, భుజం దాకా చెయ్యి పెట్టి పగిలిన గొట్టాన్ని వెతుకుతున్నాడు. పానా గట్టు మీద ఉంది. అందించేవాళ్లు లేరు.

వేణికి "బాబాయిగారండీ" అని పిలవాలని ఎంతగానో అనిపించింది. పిలిస్తే ఆయన తల తిప్పుతారు. చేతికి దొరకబోతున్న పగులు తప్పిపోతుంది. వేణి పానాని కాలితో మెల్లిగా ఆయన చేతికందేంత దూరానికి జరిపింది. బిందె రెండో చంకకి మార్చుకుని, చప్పుడు చెయ్యకుండా పక్క నుంచి నడిచి వెళ్లిపోయింది.

తులసి వాళ్ల తలుపు కూడా వేసే ఉంది. వేణి ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడింది. ఏమని పిలవాలో తోచలేదు. బిందె బరువుకి నడుం లాగుతోంది. చివరికి తలుపు తట్టింది.

తలుపు తీసింది ముసలావిడ. కర్ర పట్టుకుని ఉంది. "ఎవరమ్మా నువ్వు?"

"వేణినండీ మామ్మగారూ. తులసి పక్కన కూర్చుంటానండీ. మా కుళాయి నీళ్లు బాగుంటాయండీ. కాచి పట్టండీ."

మామ్మ బిందె వంక చూసింది, పిల్ల వంక చూసింది. లోపల మంచం మీద నుంచి నీరసంగా ఓ గొంతు, "ఎవరు మామ్మా?" అంది.

"నీళ్లు తెచ్చిందే, మీ బడి పిల్ల," అని, మామ్మ వేణి వైపు తిరిగింది. "ఎవరు పంపేరమ్మా నిన్ను?"

"ఎవరూ పంపలేదండీ," అంది వేణి. "నేనే వచ్చేను."