పూస దాటని కబురు

ఎర్రమ్మ నీలం కోటు తొడుక్కుని, అమెరికా ఓడ మీద నిలబడి, ఒక నావికుణ్ణి మెడపట్టి లాగుతోంది. "నేను మీ దేశంవాణ్ణి కాను దొరా!" అని వాడు మొత్తుకుంటున్నాడు. ఆమె వదిలేద్దామనుకున్నా పట్టు సడలడం లేదు. ఆ చెయ్యి, నావికుల్ని మా దేశంవాళ్ళేనంటూ తన దళంలోకి లాక్కుపోయే పద్దెనిమిది వందల పన్నెండు నాటి బ్రిటిషు కెప్టెనుది మరి.

నిజానికి ఆమె కూర్చున్నది పోరనుభవ మందిరంలో, గతయంత్రం తలకు తగిలించుకుని. ఒక ఊరు మరో ఊరి మీదికి వెళ్ళే ముందు ఆ ఊరివాళ్ళొకరు పాత యుద్ధమొకదాన్ని ఎదుటివాడి పక్షాన అనుభవించి తీరాలన్నది ఇప్పటి చట్టం. నెత్తురు చూస్తే ఆవేశం దిగుతుందని యంత్రం చేసినవాళ్ళ నమ్మకం.

తమ నీళ్ళలో చేపపిల్లల్ని కూడా ఊడ్చేసే రింగు వల వేశాడని గోగులపాలెం వాళ్ళు ఎర్రమ్మ మొగుడు గురువుల్ని పడవతో సహా పట్టుకుపోయారు. తీరంలో అది పాత అలవాటే. అలాంటప్పుడు రెండు పల్లెల మధ్యా మాటకట్టు పడుతుంది, ఎవరూ అవతలివాళ్ళతో మాట్లాడకూడదు. ఒకప్పుడు మొహాలు తిప్పుకుంటే సరిపోయేది. ఇప్పుడు అందరి చెవుల్లోనూ దూరం నుంచి మాటలు మోసుకొచ్చే మాటపూసలున్నాయి. అవతలి పల్లె గొంతు వినబడగానే అవి తిప్పి పంపేస్తాయి. రేవులో మరిది ధనరాజు కర్రలూ పడవలూ సిద్ధం చేసుకున్నాడు. ఎర్రమ్మ లేవడమే తరువాయి.

కెనడా మీద దాడి, తగలబడిన ఊళ్ళు, వాషింగ్టన్‌లో మంటలు, అన్నీ ఆమె కళ్ళముందే జరిగిపోయాయి. చివరికి సంధి పత్రాల మీద సంతకాలు పడ్డాయి. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ ఫిరంగి పేలింది.

"ఇదేటమ్మా, సంధి అయిపోనాది కదా?" అని అరిచింది ఎర్రమ్మ.

యంత్రం నడిపే హైమ చెప్పింది: "అయింది. ఆ కబురు సముద్రం దాటలేదు. న్యూ ఆర్లియన్స్‌లో తెలియక కొట్టుకున్నారు. వందలమంది పోయారు."

"తెలీకా!"

"మొదట్లోనూ అంతే. మనుషుల్ని పట్టుకుపోవడం మానలేదు గానీ, వర్తకం మీద ఆంక్షలు ఎత్తేస్తామని లండన్‌లో చెప్పేశారు. ఆ మాట చేరకముందే అమెరికా యుద్ధం ప్రకటించేసింది."

ఎర్రమ్మ గతయంత్రం పీకి పారేసింది. నెత్తురు కన్నా ఆ ఆలస్యమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

రేవులో ధనరాజు ఎదురొచ్చాడు. "ఎల్దుమా వదినా?"

"నానొక్కర్తినే ఎల్లి ఆళ్ళ మాటేటో ఇనొత్తాను. నా ఎనక ఒక్క పడవొచ్చినా నీ మొహం సూడను!"

గోగులపాలెం ఒడ్డున గురువులు చెట్టంత మనిషి, చెక్కుచెదరకుండా, ఇసుకలో కూర్చుని అన్నం తింటున్నాడు. ఎర్రమ్మ వెళ్ళి అతని ఎదుట చతికిలబడింది.

"ఏటయ్యా, నీకు నవ్వులాటగా ఉందా?"

"ఏటి సెయ్యమంతావే? నా పూస సముద్రంలో పడిపోనాది. పడవకి సిల్లడ్డాది. ఈళ్ళ పడవలో వత్తే మనోళ్ళు రాళ్ళేత్తారు. పులుసెట్టారు, తింతన్నాను."

పల్లె పెద్ద బంగారయ్య చిరాగ్గా అన్నాడు: "నీ మొగుణ్ణి పొద్దున్నే ఒగ్గీసినామమ్మా. మీ ఊరోళ్ళని పిలిసి పిలిసి గొంతు పోనాది. మీ పూసలు తిప్పీసినాయి."

అంతలో ఆమె చెవిలో ధనరాజు కేక: "వదినా! బయల్దేరమంతావా?"

"కర్రలు పడేయ్. మీ అన్న పులుసన్నం తింతన్నాడు."

అవతల ధనరాజు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "బంగారయ్య ఏటంతన్నాడు?" అని మాత్రం అడిగాడు.

బంగారయ్య గొంతు పూస దాటదు. ఎర్రమ్మే మోయాలి. ఆమె తలెత్తి ఆయనకేసి చూసింది.

"ఆడికి సెప్పు," అన్నాడు బంగారయ్య పళ్ళు నూరుతూ. "మళ్ళీ రింగు వల ఏత్తే కాళ్ళిరగ్గొడతానని!"

ఎర్రమ్మ తొణక్కుండా పూసలో చెప్పింది: "రింగు వల సంగతి రేపు కూకుని మాటాడుకుందుమంతన్నాడు బంగారయ్య మామ."

బంగారయ్య నోరు తెరిచాడు. ఆమెను ఎగాదిగా చూశాడు. నోరు మూసుకుని ఇంటివైపు తిరిగాడు.

"ఒసే, ఈయమ్మకీ అన్నమెట్టు!"