సౌండ్ వస్తోందండి

"మీరు మాకు పాడైపోయిన డీవీడీ ప్లేయరు అంటగట్టారండి!"

ఫోను ఎత్తగానే ఫహీం చెవిలో పడిన మొదటి మాట అది. తెనాలి బోసు రోడ్డులో అతను ఎలక్ట్రానిక్స్ షాపు తెరిచి రెండేళ్ళయింది. కస్టమర్ల తిట్లు అలవాటే. కానీ ఇంత తియ్యటి గొంతుతో ఇంతవరకూ ఎవరూ తిట్టలేదు.

"ఎవరండీ మాట్లాడేది?"

"రేపల్లె నుంచండీ. బట్టల షాపు ఖలీల్ గారి రెండో అమ్మాయిని. మా అక్క పెళ్ళికని మొన్న మా అబ్బా మీ దగ్గరే కొన్నారు. పెడితే టీవీలో నీలం రంగు తప్ప ఏం రావట్లేదు."

"వైర్లు ఎలా కలిపారండీ?"

"పసుపులో పసుపు, తెలుపులో తెలుపు, ఎరుపులో ఎరుపు. నాకు రంగులు తెలుసండీ. బాపట్లలో బీఎస్సీ చదువుతున్నా."

"రంగులు సరేనండీ. టీవీ వెనక ఆ రంధ్రాలు రెండు వరసలుంటాయి. ఒకదాని మీద ఇన్ అని, ఇంకోదాని మీద అవుట్ అని రాసుంటుంది. మీరు దేంట్లో పెట్టారు?"

అవతల బల్ల జరిగిన చప్పుడు. ఒక తుమ్ము.

"అవుట్‌లో," అంది ఆ గొంతు, బాగా తగ్గి.

"ఇన్‌లోకి మార్చండి."

కాసేపటికి ఫోన్లోంచి ఒక్కసారిగా డోలక్ మోత, దాని మీద ఆ అమ్మాయి కేక వినిపించాయి. "వచ్చేసింది! అమ్మీ, వచ్చేసింది!"

ఫోను పెట్టేసింది. థాంక్స్ లేదు, సారీ లేదు. ఫహీం నవ్వుకుంటూ పనిలో పడ్డాడు. అరగంటకు మళ్ళీ ఫోను మోగింది.

"సారీ చెప్పడం మర్చిపోయానండీ. నా పేరు తరన్నుమ్."

టక్కున పెట్టేసింది. ఫహీం మాత్రం చాలాసేపు రిసీవరు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

ఆ వారంలో ఆమె మళ్ళీ చేసింది. సబ్ టైటిల్స్ తియ్యడం ఎలా అని ఒకసారి. రిమోటులో బ్యాటరీలు ఎటు తిప్పి వెయ్యాలి అని ఇంకోసారి. బ్యాటరీలు ఎటు వెయ్యాలో ఆ పెట్టెలోనే బొమ్మ గీసి ఉంటుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ ఊసెత్తలేదు.

ఆ తర్వాత ఖలీల్ గారే స్వయంగా ఫోన్ చేశారు. నిఖా ఇంటిముందు షామియానా కింద, మగవాళ్ళ మధ్య జరుగుతుంది. ఆడవాళ్ళంతా లోపలి హాల్లో ఉంటారు. వాళ్ళు చూడ్డానికి కెమెరా నుంచి వైరు లాగి లోపల టీవీకి కలపాలి. పెళ్ళికూతురి దగ్గర ఒక మైకు పెట్టి, ఆమె ఒప్పుకున్న మాట బయట స్పీకర్లలో వినిపించేలా చెయ్యాలి.

"నడవలేని మా అమ్మ ఉంది లోపల. మనవరాలి నిఖా కళ్ళారా చూడాలని, చెవులారా వినాలని ఆమె ఆశ. తేడా రాకూడదు," అన్నారాయన.

"రాదండీ. నేనే వస్తాను," అన్నాడు ఫహీం.

పెళ్ళి రోజు పొద్దున్నే వీడియో తీసే స్నేహితుడు దేవసహాయంతో కలిసి రేపల్లెలో దిగాడు. రెండు వేల అయిదు, జూన్ నెల. అప్పుడే మొదటి వానలు పడుతున్నాయి. షామియానా మీద చినుకులు టపటపమంటున్నాయి. వైర్లకు తడి తగలకుండా అతుకులన్నిటికీ టేపు చుట్టి, కిటికీలోంచి లోపలికి అందించాడు. గాజుల చెయ్యి ఒకటి వచ్చి వైరు కొస అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి ఎవరిదో అతనికి తెలియదు. గుండె మాత్రం తరన్నుమ్‌దేనని తేల్చేసింది.

సెల్ మోగింది.

"ఇన్‌లోనే పెట్టానండీ," అంది ఆమె.

"మెచ్చుకున్నాం. బొమ్మ వచ్చిందా?"

"వచ్చింది కానీ అంతా గీతలు. మనిషి మనిషిలా లేడు."

అతను వైరు కదిపాడు. "ఇప్పుడు?"

"ఇద్దరు కనిపిస్తున్నారు. ఇద్దరూ ఒకలాగే ఉన్నారు."

పిన్ను ఊడదీసి మళ్ళీ గట్టిగా నొక్కాడు. "ఇప్పుడండీ?"

ఫోను ఒకసారి చూసుకుని మళ్ళీ చెవికి ఆనించాడు.

"హలో? బొమ్మ వచ్చిందాండీ?"

"వచ్చింది," అంది మెల్లగా. "చాలా క్లియర్‌గా వచ్చింది. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నారు."

ఫహీం అదిరిపడి కిందికి చూసుకున్నాడు. నిజమే. ఆమెకు తను కనిపిస్తున్నాడు! ఆమె మాత్రం తనకు కనిపించదు! చెవులు వేడెక్కిపోయాయి. వెనక్కి తిరిగి గుండీ సర్దుకుంటుంటే ఫోన్లో కిసుక్కున నవ్వు వినిపించింది.

"సౌండ్ చూడండి. హలో, మైక్ టెస్టింగ్, హలో."

"రావట్లేదండీ."

తెల్ల పిన్ను, ఎర్ర పిన్ను మార్చాడు. వైరు మార్చాడు. మైకు మార్చాడు. ప్రతిసారీ అదే జవాబు. టీవీలో వాల్యూమ్ చివరిదాకా పెంచేశామని కూడా చెప్పింది. పెళ్ళికొడుకు వాళ్ళు బాపట్ల నుంచి అప్పటికే వచ్చేశారు. మగవాళ్ళు షామియానాలో సర్దుకుంటున్నారు.

"ఒక్క నిమిషం, మళ్ళీ చేస్తానండీ," అని ఫోను జేబులో పెట్టుకుని, మైకు చేత్తో పట్టుకునే దేవసహాయం పక్కన చతికిలబడ్డాడు.

"ఒరేయ్ సాయం, సౌండ్ రాకపోతే నా పరువు పోతుందిరా."

"ఖలీల్ గారి దగ్గరా?"

"కాదురా. ఆ అమ్మాయి దగ్గర."

సరిగ్గా అప్పుడే లోపల తరన్నుమ్ వాళ్ళ పిన్ని, ఖాలాను కొంచెం పక్కకు జరగమంది. ఆవిడ కింద నలుగుతున్న రిమోటు బయటపడింది. టీవీ తెర మూలన మ్యూట్ గుర్తు. తరన్నుమ్ నాలిక కరుచుకుని బటన్ నొక్కింది.

వాల్యూమ్ చివరిదాకా పెంచిన ఇరవైతొమ్మిది అంగుళాల టీవీలోంచి, దానికి కలిపిన హోమ్ థియేటర్ డబ్బాల్లోంచి ఫహీం గొంతు హాలంతా దద్దరిల్లింది.

"ఈ పనికి నువ్వొక్కడివి వచ్చినా సరిపోయేది. ఆ గొంతు కోసం మొదటి పాసింజరు ఎక్కానురా! షాపులో ఫోను మోగిన ప్రతిసారీ తరన్నుమే అనుకుని ఎత్తుతున్నా. నిన్న ఎవరో మిక్సీ రిపేరని చేస్తే నిజంగా ఏడుపొచ్చింది."

హాల్లో షర్బత్ గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి. ఖలీల్ గారి తల్లి దాదీమా నోట్లో పాన్ నమలడం ఆపేసింది. తరన్నుమ్ చేతిలో రిమోటు బిగుసుకుపోయింది. ఏ బటన్ నొక్కాలో కూడా తోచలేదు.

"మొహమైనా చూశావా?" టీవీలో దేవసహాయం.

"లేదు. చూడక్కర్లేదు కూడా. పెళ్ళి హడావుడి అయ్యాక మా అమ్మానాన్నల్ని పంపి పద్ధతిగా అడిగిస్తా. తనకి ఇష్టం లేదంటే ఇంక జన్మలో రేపల్లె రైలెక్కను."

అంతవరకూ టీవీ వైపున్న తలలన్నీ ఒక్కసారిగా తరన్నుమ్ వైపు తిరిగాయి.

"ఏంటిది మున్నీసా?" పెళ్ళికొడుకు తల్లి గొంతు పదునుగా లేచింది. "మీ చిన్నమ్మాయికి బయటి కుర్రాళ్ళతో ఫోన్లా? మాకు ఈ సంగతి ముందు చెప్పాలి కదా?"

తరన్నుమ్ తల్లి మున్నీసా మొహం పాలిపోయింది. నిఖా ముందు వియ్యపురాలి నోట ఆ మాట. పెద్దకూతురి పెళ్ళి కళ్ళముందే కూలిపోతున్నట్టు అనిపించింది ఆమెకు. పక్క గుమ్మం దగ్గరికి పరుగెత్తి భర్తను పిలిపించి, "ఆ టీవీ అబ్బాయి మన తరన్నుమ్ గురించి వాగుతున్నాడు. ముందు అతన్ని పంపించెయ్యండి," అంది.

మరుక్షణం టీవీలో ఎడమ పక్క నుంచి ఖలీల్ గారు వచ్చారు. ఫహీం భుజం పట్టుకుని లేపారు. హాల్లో ఆడవాళ్ళందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"నా కూతురి గురించి ఏం వాగావు నువ్వు?"

ఫహీం నెత్తిన పిడుగు పడ్డట్టయింది. షామియానా పక్క నుంచి ఈయన విన్నాడు కాబోలు అనుకున్నాడు. బయట జనం గోలలో, చినుకుల చప్పుడులో హాల్లోని మోత అతని దాకా రాలేదు; లోపలికి సౌండ్ వెళుతోందని ఇంకా తెలియదు. మైకు చేతిలోనే ఉంది.

"తప్పు నాదేనండీ. మీ అమ్మాయి వైర్ల గురించి తప్ప నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమెకి ఇదేం తెలీదు. దయచేసి ఆమెనేం అనకండి."

"నీ సామాను తీసుకుని నడు!"

"వెళ్తానండీ. కానీ లోపల సౌండ్ ఇంకా రాలేదు. నిఖా వినాలని మీ అమ్మగారి కోరిక అన్నారు కదా. సౌండ్ వచ్చేదాకా ఉండనివ్వండి. ఆ తర్వాత కొట్టినా పడతాను."

హాల్లో దాదీమా కళ్ళు తుడుచుకుంది. పెళ్ళికొడుకు తల్లి ఏదో అనబోయి ఆగింది.

తరన్నుమ్ లేచి నిలబడింది. "కూర్చో!" అని తల్లి గదిమింది. ఆమె కూర్చోలేదు. అప్పుడు పెళ్ళికూతురు ఫర్హానా ముసుగులోంచి చెయ్యి చాపి, తన ముందున్న మైకు తీసి, స్విచ్ వేసి చెల్లెలి చేతిలో పెట్టింది.

"చెప్పవే," అంది నెమ్మదిగా.

బయట షామియానా నాలుగు మూలల్లోని స్పీకర్లు గరగరమన్నాయి.

"హలో... సౌండ్ వస్తోందండీ."

మగవాళ్ళంతా తలలెత్తారు. ఖలీల్ గారి చెయ్యి ఫహీం భుజం మీదే ఉండిపోయింది. ఫహీం కెమెరా వైపు తిరిగాడు.

"ఎప్పట్నుంచండీ?"

"మీరు మొదటి పాసింజరు ఎక్కిన దగ్గర్నుంచి."

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీరొక్కరే విన్నారా?"

"హాల్లో అందరూ విన్నారు."

దేవసహాయం నోరు తెరుచుకుపోయింది. ఫహీం కెమెరా వెనక్కి వెళ్ళి దాక్కోబోయాడు.

"కనబడట్లేదండీ. ముందుకు రండి," అన్నాయి స్పీకర్లు.

తప్పక మళ్ళీ ముందుకొచ్చాడు.

"అబ్బా, ఆయన్ని పంపించకండి," అంది తరన్నుమ్. "ఆయన చెప్పింది నిజం. మేం వైర్ల గురించే మాట్లాడుకున్నాం. వాళ్ళ అమ్మానాన్నల్ని పంపి అడిగిస్తానన్నారు కదా. అడిగించమనండి. రేపల్లె రైలు మాత్రం మానొద్దని చెప్పండి."

ఖలీల్ గారు అలాగే నిలబడిపోయారు. మాటకు మాట ఎదురు చెప్పని పిల్ల! ఇంతమంది మగవాళ్ళ ముందు మైకులో!

స్పీకర్లు మళ్ళీ గరగరమన్నాయి. ఈసారి వేరే గొంతు.

"ఖలీల్ భాయ్, నేను మీ వియ్యపురాల్ని. ఇందాక తొందరపడి ఓ మాటన్నాను, మనసులో పెట్టుకోకండి. మా అబ్బాయిని మీరు ఫొటో చూసి ఒప్పుకున్నారు. ఈ అబ్బాయిని మేం మనిషినే చూశాం. మీరు అంతలా గద్దిస్తున్నా పిల్ల మీద మాట పడనివ్వలేదు. ఆ సంగతి తర్వాత కూర్చుని మాట్లాడుకోండి. ముందు మావాడి నిఖా కానివ్వండి. ఇతన్ని పంపిస్తే మళ్ళీ టీవీ ఆగిపోతుంది!"

ఎవరో మొదట నవ్వారు. తర్వాత పెళ్ళికొడుకు నవ్వాడు. ఆ తర్వాత షామియానా అంతా నవ్వింది. ఖలీల్ గారు నవ్వలేదు. ఫహీం భుజం మీంచి చెయ్యి తీసి, "పని చూసుకో," అన్నారంతే.

నిఖా జరిగింది. టీవీ ఒక్కసారి కూడా మినుకుమనలేదు. ఫర్హానా "కబూల్" అన్న మాట నాలుగు మూలలా గంట కొట్టినట్టు వినిపించింది. లోపల దాదీమా మనవరాలి పేరు చెప్పి గట్టిగా దువా చేసింది. అది కూడా మైకులో బయటికి వినిపించింది.

భోజనాలయ్యాక వైర్లు తీయడానికి ఫహీం లోపలికి వెళ్ళాడు. హాలు ఖాళీగా ఉంది. టీవీ వెనక ఎవరో కూర్చుని పిన్నులు ఊడదీస్తున్నారు. అతని అడుగుల చప్పుడు విని ఆమె లేచింది. ఆకుపచ్చ దుపట్టా, ముక్కు మీద దుమ్ము.

అతను ఏదో అనబోయాడు. గొంతు రాలేదు.

"సౌండ్ రావట్లేదండీ," అంది తరన్నుమ్.

ఇద్దరూ నవ్వేలోపే గుమ్మంలో దగ్గు వినిపించింది. ఖలీల్ గారు. వెనక మున్నీసా. ఫహీం వైర్లు వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇప్పుడు పడతాయి దెబ్బలు అనుకున్నాడు.

"ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా," అన్నారాయన.

"ఎందుకండీ?"

"ఎందుకేంటి? అడిగిస్తానన్నావుగా! మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నాక, నన్నొక్కణ్ణయినా పద్ధతిగా అడగరా మీరు?"

మున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఫహీం తలూపాడు. ఊపుతూనే ఉన్నాడు. ఎలా బయటికొచ్చాడో, స్టేషన్‌కు ఎలా చేరాడో అతనికే తెలియదు. రైలు కదిలాక దేవసహాయం చుట్టూ చూసి కెవ్వుమన్నాడు.

"ఒరేయ్! కెమెరా సంచి నా దగ్గరుంది. మన ఆంప్లిఫయరేది? స్పీకర్లేవి?"

ఫహీం ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు. జేబులో సెల్ మోగింది.

"మీ సామానంతా మా ఇంట్లోనే ఉండిపోయిందండీ," అంది తరన్నుమ్.

"ఉండనివ్వండి," అన్నాడు ఫహీం, ఈసారి గొంతు బాగానే వచ్చింది. "ఆదివారం వస్తున్నాం కదా."