ఉప్పు చూసే మనిషి

పొద్దున్నే కాఫీ కంటే ముందు సంపూర్ణమ్మ నోట్లో పడేది కాలవ నీళ్ళే.

తొలకరి వెళ్ళి కాలవకి నీళ్ళు వదిలారంటే చాలు, ఆవిడ పళ్ళు తోముకుని, కుచ్చెళ్ళు కాస్త ఎగదోపుకుని, పెరటి వెనక రేవులోకి దిగుతుంది. దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని కాసేపు పుక్కిట పట్టి ఉమ్మేస్తుంది. "తియ్యండి" అందా, పొలం తూము తీస్తారు. "ఆగండి" అందా, ఎంత తొందరున్నా ఆగాల్సిందే. ఆ ఇంట్లో కలెక్టరు మాటకైనా ఎదురు చెప్తారేమో గానీ ఆవిడ పుక్కిలింతకి మాత్రం చెప్పరు.

మరి మొగదిబ్బ అలాంటి ఊరు. నాగాయలంక దాటాక కాలవ అయిపోయే చోట ఉంటుంది. విజయవాడ దగ్గర కృష్ణలో బయల్దేరిన నీళ్ళు దారిలో అందరి పొలాలూ తడిపి, మిగిలితే ఇక్కడికి వస్తాయి. పైనుంచి వచ్చే జోరు తగ్గిందంటే, సముద్రం పోటు మీదున్నప్పుడు ఏటిలోని ఉప్పునీరు ఎగదన్ని కాలవలో కలుస్తుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కాస్తంత ఉప్పు మామూలు నోటికి తెలియదు గానీ లేత నారుకి తెలుస్తుంది. ఒకప్పుడు నారుమళ్ళ రోజుల్లో ఊళ్ళో రైతులంతా "పిన్నిగారూ, ఒక్కసారి మా తూము దగ్గరికి రండి" అని సంపూర్ణమ్మని పిలుచుకెళ్ళేవాళ్ళు. ఇప్పుడు పిలవడానికి రైతులే పెద్దగా మిగల్లేదు. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చేశాయి.

ఆ రోజు కూడా ఆవిడ పుక్కిలించి ఉమ్మింది. గట్టు మీద మనవరాలు అక్షయ, తూముకి అడ్డం పెట్టిన గడ్డిచుట్ట మీద చెయ్యేసి ఎదురుచూస్తోంది.

"ఏం నాయనమ్మా?"

సంపూర్ణమ్మ గాలి ఎటునుంచి వీస్తోందో చూసింది. నీళ్ళ మీద తేలుతున్న నురగని చూసింది.

"మంచినీళ్ళేనే. తియ్యి."

అక్షయ గడ్డిచుట్ట లాగింది. నీళ్ళు గలగలమంటూ నారుమడిలోకి దూకాయి. అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, ఉద్యోగం చూసుకోమని అందరూ చెబుతున్నా వినకుండా, ఉప్పునేలని తట్టుకునే వరి విత్తనం తెచ్చి పోసిన మడి అది. ఆ రకం కూడా లేత నారుగా ఉన్నప్పుడు ఉప్పునీళ్ళకి ఆగదు. ఈ ఒక్క సార్వా పంట పండించి చూపిస్తానని తండ్రి దగ్గర మాట తీసుకుంది. పండకపోతే ఏటి ఒడ్డు పొలం రొయ్యల చెరువులు వేసే భీమవరం ఆయనకి ఇచ్చేసి, ఇల్లు తాళం పెట్టి, అందరూ విజయవాడ వెళ్ళిపోవడమే. అన్న జయంత్ అప్పుడే అక్కడ పోరంకిలో పెద్ద ఇల్లు కూడా చూసిపెట్టాడు.

"ఉప్పు చూసే మీటరొకటి కొందాం నాన్నా" అని మొదట్లోనే అడిగింది అక్షయ. వెంకటసుబ్బారావు నవ్వేశాడు.

"మీ నాయనమ్మ ఉండగా మీటరెందుకే? ఆవిడకి బ్యాటరీ కూడా అక్కర్లేదు."

వంటింట్లో అక్షయ తల్లి శివపార్వతికి ఈ సందడేమీ పట్టలేదు. తాగేనీళ్ళ ట్యాంకరు రాలేదు. డ్రమ్ములో నీళ్ళు అడుగంటాయి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకి పొద్దు ఇలాగే మొదలవుతుంది. కిందటి వేసవిలో అక్షయని చూడ్డానికి చల్లపల్లి నుంచి వచ్చినవాళ్ళు వాకిట్లో వరసగా ఉన్న డ్రమ్ముల్ని చూశారు. కాఫీ తాగారు, వెళ్ళారు, మళ్ళీ పలకలేదు. పంపు తిప్పితే నీళ్ళొచ్చే ఇంట్లో ఉండాలన్నది ఆవిడ కోరిక. అది గొంతెమ్మ కోరికని ఎవరూ అనలేరు.

ఆ ఇంట్లో ఆవిడకి దక్కిన సుఖం ఒకటే. కొత్తకోడలిగా వచ్చినప్పుడు ప్రతి పూటా గరిటెతో కాస్త పప్పు తెచ్చి "ఉప్పు చూడండి అత్తయ్యా" అని నిలబడేది. సంపూర్ణమ్మ నాలిక మీద వేసుకుని "ఓ రవ్వ ఎక్కువైంది" అనో "చప్పగా ఏడ్చింది" అనో అనేది. బాగుందన్న మాట ఆ నోట రావడం శివపార్వతి ఎరగదు. అలాంటిది రెండేళ్ళుగా, అత్తగారికి పెద్దజ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ, ఏం పెట్టినా "బాగుందమ్మాయ్, సరిపోయింది" అంటోంది. "ఇన్నాళ్ళకి మా అత్తగారి నోట నేను మంచిదాన్ననిపించుకున్నానే" అని శివపార్వతి ఫోన్లో చెల్లెలితో చెప్పుకుని మురిసిపోయింది కూడా.

మూడోనాటికి నారు కొసలు ఎండాయి. ఆ మర్నాటికి మడి అంతా మాడిపోయి, తడి ఆరిన చోటల్లా తెల్లగా ఉప్పు పూసింది.

వెంకటసుబ్బారావు మడిలో కూర్చుని ఒక మొక్క పీకి చూశాడు. అరిచే మనిషి కాదు. ఆ రోజు అరిచాడు.

"తూము ఎప్పుడు మూశావే?"

"నీళ్ళు నిండగానే మూశాను నాన్నా."

"మూస్తే ఇట్టా ఎందుకైంది? నాయనమ్మ మంచినీళ్ళని చెప్పాకే గదా తీసింది! మధ్యాహ్నం పోటు దాకా వదిలేసుంటావ్. ఫోన్ మాట్లాడుతూ ఉంటావ్."

అక్షయ తూము వంక చూసింది. ఆ పొద్దున స్నేహితురాలి ఫోన్ వచ్చిన మాట నిజం. మాట్లాడుతూనే గడ్డిచుట్ట పెట్టింది. గట్టిగా పెట్టిందా? వదులుగా పెట్టిందా? తల్చుకున్నకొద్దీ తన చెయ్యి మీద తనకే నమ్మకం పోయింది. పెరటి అరుగు మీద సంపూర్ణమ్మ ఈ మాటలన్నీ వింది. లేచి లోపలికి వెళ్ళి మంచమెక్కింది. ఆ పూట అన్నం వద్దంది.

ఆదివారం జయంత్ విజయవాడ నుంచి వచ్చాడు. చెల్లెలంటే ప్రేమ లేనివాడు కాదు, కానీ ఊరంటే విసుగు.

"సాయంత్రం భీమవరం ఆయన వస్తానన్నాడు నాన్నా. మాట ఇచ్చేద్దాం. ఇంక చూసేదేముంది?"

"టైముంది అన్నయ్యా. ఇంకోసారి నారు పోస్తాను" అంది అక్షయ. "మనం చెరువు తవ్విస్తే ఆ ఉప్పు పక్కనున్న వెంకటప్పయ్య బాబాయి పొలంలోకి ఊరుతుంది. మనకి పక్కవాళ్ళు చేసింది మనం ఆయనకి చెయ్యాలా?"

వంటింట్లోంచి శివపార్వతి గొంతు లేచింది.

"చాల్లేవే! ఊరినంతా ఉద్ధరించొచ్చావ్. చేసిన నిర్వాకం చాల్లేదా? ఒక్క తూము మూయడం చాతకాలేదు గానీ వ్యవసాయం చేస్తుందంట!"

"అమ్మా, నేను మూశానే..."

"మూశావో లేదో నీకే తెలీదు! నీ ముఖం చూస్తే తెలీట్లా? నేను ఈ ఉప్పు గాలికే ఎండిపోయాను. నువ్వు కూడా ఇక్కడే ఎండిపోతే చూస్తూ ఊరుకోనా? కన్నతల్లినే నేను!"

అంటూనే పొయ్యి మీద దోసకాయ పప్పులో ఉప్పు వేసింది. కళ్ళు తుడుచుకుంది. వేశానో లేదో గుర్తురాక మళ్ళీ వేసింది. రుచి చూడమని ఎవరి దగ్గరికీ తీసుకెళ్ళలేదు.

అందరూ భోజనాలకి కూర్చున్నారు. పప్పు కలిపి మొదటి ముద్ద పెట్టుకున్న వెంకటసుబ్బారావు ఆగిపోయాడు. జయంత్ గబగబా నీళ్ళు తాగాడు.

"ఉప్పు కషాయం అమ్మా ఇది! నోట్లో పెట్టలేం."

శివపార్వతి తన పళ్ళెంలోది వేలితో నాకి చూసి, ముఖం చిట్లించి గిన్నె తీయబోయింది. అప్పుడు అక్షయ చూపు నాయనమ్మ మీద పడింది.

సంపూర్ణమ్మ తల వంచుకుని తింటోంది. ఒక ముద్ద, ఇంకో ముద్ద. గొడవకి మనసు పాడై ఎవరి మాటా విన్నట్టు లేదు. పళ్ళెంలో సగం అయిపోయింది. అందరూ తన వైపు చూస్తున్నారని తెలిసి తలెత్తి, అలవాటుగా అంది.

"బాగుందమ్మాయ్. సరిపోయింది."

అక్షయకి ఆ రోజు రేవు దగ్గర నాయనమ్మ గాలి వంక, నురగ వంక చూడడం గుర్తొచ్చింది. లేచి వెళ్ళి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాయనమ్మా, నీకు ఉప్పు తెలియట్లేదు కదూ?"

సంపూర్ణమ్మ చేతిలో ముద్ద పళ్ళెంలోకి జారింది. అబద్ధం చెబుదామని చూసింది. చివరికి గట్టిగా ఏడ్చేసింది. ఆ ఇంట్లో ఆవిడ ఏడవగా చూసినవాళ్ళు ఎవరూ లేరు.

"ఆ జ్వరంతోనే పోయిందిరా. ఉప్పూ లేదు, తీపీ లేదు, కారం ఒక్కటే మండుతుంది. పోటు రోజులు లెక్క చూసుకుని, నురగ చూసుకుని చెప్పుకొస్తున్నా. కిందటి సార్వాకి సరిపోయింది. ఇప్పుడు తప్పింది."

"అమ్మా!" అన్నాడు వెంకటసుబ్బారావు. "చెప్తే ఏం పోయేది?"

"చెప్తే ఇంక నేనెందుకురా? కాళ్ళు పోయినా కూర్చుని నీళ్ళు చూసి చెప్తానులే అనుకున్నా. అదే పోయిందంటే పొలం ఆ రోజే ఇచ్చేసేవాళ్ళు." అక్షయ ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. "నువ్వు చుట్ట గట్టిగానే పెట్టావే తల్లీ. నేను చూశాను. నిన్ను తిడుతుంటే నోరు మూసుకున్నాను. పాపిష్టిదాన్ని."

అక్షయ ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుంది. నాలుగు రోజులుగా బిగబట్టుకున్న ఏడుపంతా అక్కడే ఏడ్చింది.

శివపార్వతి అప్పటికి లేచి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆవిడకి వేరే బాధ. నేరుగా అత్తగారినే అడిగింది.

"అయితే అత్తయ్యా... ఈ రెండేళ్ళూ బాగుంది బాగుంది అన్నారే, అదంతా..."

అంటూ అక్కడే నేల మీద కూలబడింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఏడుపు ఆగలేదు. "నేను నిజమనుకున్నానండీ. ఇన్నేళ్ళకి మీకు నచ్చాననుకున్నా" అంది. ఆ మాట విని వెంకటసుబ్బారావు తల తిప్పుకున్నాడు.

సంపూర్ణమ్మ ఎంగిలి చెయ్యి కడుక్కుని, గోడ పట్టుకుని లేచి కోడలి దగ్గరికి వచ్చింది. ఆవిడ కోడలి పక్కన నేల మీద కూర్చోవడం అదే మొదలు.

"రుచి తెలిసినన్నాళ్ళూ తప్పులు పట్టాను. నాలిక ఉందని పొగరు. అది పోయాక కంచంలో ఏముందో తెలియక, పెట్టిన నీ చెయ్యినే చూస్తూ తినేదాన్ని. నాకు జ్వరమొచ్చినప్పుడు ఇదే చెయ్యి నన్ను ఎత్తి కూర్చోబెట్టింది. బాగుందన్నది అబద్ధమెట్టా అవుతుందమ్మాయ్?"

శివపార్వతి అత్తగారి చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

సాయంత్రం జయంత్ ఫోన్ మోగింది. భీమవరం ఆయన అవనిగడ్డ దాటాడట. జయంత్ తండ్రి వంక చూశాడు. తండ్రి తన భార్య వంక చూశాడు. ఇన్నాళ్ళూ వెళ్ళిపోదామని పోరింది ఆవిడే మరి.

"ఈ సార్వా అయ్యేదాకా ఆగమను" అంది శివపార్వతి.

"అమ్మా, ఆలోచించే అంటున్నావా? నాయనమ్మకి రుచి తెలియదని ఇవాళేగా బయటపడింది. మళ్ళీ పోస్తే మళ్ళీ మాడుతుంది."

"తప్పు చెయ్యని పిల్ల మీద నింద వేసి పొలం ఇచ్చేస్తే, ఆ పంపు నీళ్ళు నాకు గొంతు దిగవురా. దానికి ఇచ్చిన మాట సార్వా దాకా గదా? సార్వా అవనీ." చెంగు బిగించుకుంటూ అంది. "పంపు కావాలన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోలేదు. అది రాసిపెట్టుకోండి అందరూ."

అక్షయ ఏడుస్తూనే నవ్వింది. మీటరుకి ఆర్డరు పెడతానని జయంత్ ఫోన్ తీశాడు. ఆ ఊరికి పార్సెల్ రావాలంటే వారం పడుతుంది. విత్తనం అప్పటిదాకా ఆగదు.

"అంతవరకూ నీళ్ళెవరు చూస్తారు?" అన్నాడు వెంకటసుబ్బారావు.

"నీ పెళ్ళాం చూస్తుంది" అంది సంపూర్ణమ్మ.

"నేనా? నాకేం తెలుసండీ!"

"నా నోటికి భయపడి ఇన్నేళ్ళు రవ్వ రవ్వ చూసుకుని ఉప్పేసినదానివి. ఈ ఇంట్లో ఉప్పు తెలిసింది ఇంకెవరికే?"

పక్క మడిలో కొత్తగా మొలక విత్తనం చల్లిన మర్నాడు తెల్లవారకముందే అత్తాకోడళ్ళిద్దరూ రేవులోకి దిగారు. వెంకటసుబ్బారావు, అక్షయ గట్టు మీద నిలబడ్డారు. శివపార్వతి దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుంది. కళ్ళు మూసుకుంది. ఉమ్మేసి తల అడ్డంగా ఊపింది.

"ఉంది. రవ్వంత ఉంది."

ఎవరూ తూము ముట్టుకోలేదు. పోటు వెనక్కి తగ్గాలి, పైనుంచి నీళ్ళు రావాలి. మెట్టు మీద అలాగే కూర్చున్నారు. అటుపక్క చెరువుల్లో మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి. వచ్చే ఏడు ఈ గట్టు మీద తాము ఉంటారో లేదో ఎవరికీ తెలియదు. తూర్పు తెల్లబడింది. నురగ కిందికి, సముద్రం వైపుకి సాగింది. శివపార్వతి మళ్ళీ దోసిలి ముంచింది.

సంపూర్ణమ్మ కోడలి ముఖం వంకే చూస్తోంది. ఏళ్ళ తరబడి వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ కోడలి కళ్ళల్లో ఉండే బెరుకు ఇప్పుడు అత్తగారి కళ్ళల్లో ఉంది. ఇంక ఉండబట్టలేక, నెమ్మదిగా అడిగింది.

"ఉప్పు చూశావా అమ్మాయ్? ఎట్టా ఉంది?"

శివపార్వతి ఉమ్మేసి, తడి చేత్తోనే అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"బాగుందత్తయ్యా" అంది. ఆ తర్వాత గట్టు వైపు తిరిగి, అందరికీ వినపడేలా అంది. "తియ్యండి."